వృకోదరుడి వాటా

కోనసీమలో మనిషిని పలకరించే తీరు ఒకటుంది. చాలాకాలానికి కనబడిన వాణ్ణి క్షేమసమాచారాలు అడగడానికి ముందే ఎగాదిగా చూసి, ఒంటి మీద తీర్పు చెప్పేస్తారు. సన్నబడితే "ఏవండీ, అలా చిక్కిపోయారేంటండీ?" అంటారు. లావెక్కితే "ఒళ్ళు చేశారండోయ్" అంటారు. ఆ రెండోదానికి అమలాపురం నుంచి ఇటు రాజోలు దాకా, అటు కొత్తపేట దాకా సిద్ధంగా ఉండే జవాబు ఒక్కటే: "ఆయ్, మా వంశమే అంతండీ. మా తాతగారికీ ఇదే బొజ్జండీ." అడిగినవారూ నవ్వుతారు, చెప్పినవారూ నవ్వుతారు. అక్కడితో ఆ ప్రసంగం ముగుస్తుంది.

అదే బొద్దుగా ఉన్న ఒక ఆడపిల్ల విషయానికి వచ్చేసరికి ఆ వంశం ఎక్కడికి పోతుందో తెలియదు. బడిలో ఆ పిల్ల "పిప్పళ్ళ బస్తా", "డ్రమ్ము". ఇంట్లో "నోరు కట్టుకోలేని పిల్ల". పెళ్ళిచూపుల నాటికి "కాస్త ఒళ్ళు తగ్గితే బాగుండును" అన్న సన్నాయినొక్కులు. తాతగారి బొజ్జ తరఫున వంశం వచ్చి సాక్ష్యం చెబుతుంది. మనవరాలి ఒంటికి మాత్రం ఆమె నాలుకే ముద్దాయి. ఒకే శరీరధర్మానికి రెండు న్యాయాలు. శరీరం బరువు మీద గత నలభయ్యేళ్ళుగా జరిగిన జన్యు పరిశోధన ఈ రెండు న్యాయాలనూ కొట్టివేసిందని నా అభిప్రాయం. అంతా వంశం మీదకు నెట్టి చేతులు దులుపుకోవడమూ పొరపాటే, తిండిపోతని నిందించడమూ పొరపాటే. ఆ సంగతి చెప్పడానికే ఈ టపా.

ముందుగా ఒక తల్లిని తలుచుకోవాలి. ఏకచక్రపురంలో పాండవులు విప్రవేషాలతో తలదాచుకున్న రోజుల్లో, కొడుకులు తెచ్చిన భిక్షను రెండు భాగాలు చేసేవారని భారతం చెబుతుంది. సగం భీముడికి. మిగిలిన సగంలోనే తక్కిన నలుగురూ, కుంతీ. అతణ్ణి వృకోదరుడన్నారు, అంటే తోడేలు పొట్ట కలవాడని. ఆ పేరులో ఎగతాళి ఉంటే ఉండవచ్చు గాని, వాటాలో లేదు. "అందరితో పాటు సమానంగా తినలేవా, నీకే ఇంత ఆకలేమిటి?" అని కుంతి అతణ్ణి నిలదీసినట్లు నేనెక్కడా చదవలేదు. ఒక్కొక్క ఒంటి ఆకలి ఒక్కొక్క కొలత అని ఆ తల్లి ఎరుగును. శాస్త్రం ఆమె దగ్గరికి చేరుకోవడానికి చాలాకాలం పట్టింది.

1986లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు డెన్మార్క్‌లో దత్తత వెళ్ళిన 540 మంది వివరాలు పరిశీలించారు. పుట్టింది ఒక ఇంట, పెరిగింది ఒక ఇంట. పెద్దయ్యాక వాళ్ళ బరువు ఎవరిని పోలింది? పెంచినవారి బరువుతో పొంతన కనబడలేదు. కన్నవారి బరువుతో స్పష్టంగా కనబడింది. కవలల మీద జరిగిన పరిశోధనలూ ఇంచుమించు ఇదే దారిలో నడిచాయి. ఒక సమాజంలో మనిషికీ మనిషికీ మధ్య బరువులో కనబడే తేడాలలో 40 నుంచి 70 శాతం దాకా వారసత్వానికి చెందుతుందని అవి లెక్కగట్టాయి. ఇది తేడాల లెక్క అని మరిచిపోకూడదు. ఒక మనిషి ఒంట్లోని 80 కిలోలలో ఇన్ని కిలోలు తాతవి, ఇన్ని కిలోలు తనవి అని పంచే లెక్క కాదు.

1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును కనుగొన్నది. ఒంట్లోని కొవ్వు ఊరికే పడి ఉండే మూట కాదనీ, "నిల్వ ఉంది, ఇక చాలు" అని మెదడుకు కబురు పంపే అవయవమనీ దాంతో తేలింది. ఆ కబురు మోసే హార్మోనే లెప్టిన్. మూడేళ్ళ తరువాత, 1997లో, కేంబ్రిడ్జిలో స్టీఫెన్ ఓరాహిలీ, సదాఫ్ ఫరూకీ తదితరులు ఇద్దరు పిల్లల కథను ప్రకటించారు. పాకిస్తానీ మూలాలున్న కుటుంబం. దగ్గరి చుట్టరికంలో పెళ్ళిళ్ళు. వరుసకు అక్కాతమ్ముళ్ళయ్యే ఆ పిల్లల్లో ఎనిమిదేళ్ళ అమ్మాయి బరువు 86 కిలోలు, రెండేళ్ళ పిల్లవాడి బరువు 29 కిలోలు. ఎంత పెట్టినా తీరని ఆకలి. పరీక్షించి చూస్తే ఇద్దరి రక్తంలోనూ లెప్టిన్ దాదాపు లేదు. ఆ జన్యువు పనిచేయడం లేదు. ఆ అమ్మాయికి రోజూ లెప్టిన్ సూదిమందు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి సుమారు 16 కిలోలు తగ్గినట్లు 1999లో ప్రకటించారు. ఆమెకు కొత్తగా ఎవరూ నిగ్రహం నేర్పలేదు. ఆకలికి పగ్గం వేసే కబురు మెదడుకు అందింది, అంతే.

ఇలాంటి వ్యాధి అత్యంత అరుదు. మన వీధిలో కనబడే బొద్దుపిల్లలందరికీ లెప్టిన్ లోపం అంటగట్టడానికి ఈ కథ చెప్పలేదు. ఆకలి అనేది గుణం కాదు, శరీరవ్యాపారం అని ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. మనం "నోరు కట్టుకోలేదు" అన్న ప్రతిసారీ ఆ ఎనిమిదేళ్ళ పిల్లను ఒక్కసారి గుర్తుచేసుకోవాలని నా కోరిక.

ఇక మామూలు మనుషుల మామూలు బరువు సంగతి. 2007లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఎఫ్‌టీఓ అనే జన్యువులో ఒక చిన్న మార్పును పట్టుకున్నారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మార్పు పొందినవారు, అసలు పొందనివారి కంటే సగటున మూడు కిలోలు ఎక్కువ బరువుంటారు. మూడే మూడు కిలోలు! మామూలు స్థూలకాయంలో తెలిసిన జన్యువులన్నిటిలోకీ ఇదే బలమైనదని చెప్పుకున్నారంటే తక్కినవాటి సంగతి ఊహించుకోవచ్చు. 2018 నాటికి ఏడు లక్షల మంది సమాచారం కలిపి చూస్తే బరువుతో సంబంధమున్న మార్పులు 941 తేలాయి. అంటే "మా వంశంలో లావు జన్యువుంది" అనే మాటకు అర్థం లేదు. అలాంటి ఒక్క జన్యువు లేదు. వందలాది చిరుపోగులు కలిసి నేసిన వస్త్రం అది. ఆ పోగుల్లో కొన్ని అందరిలోనూ ఉంటాయి, సన్నగా ఉన్నవారిలో కూడా.

ఆ ఎఫ్‌టీఓ గురించే మరో రెండు సంగతులు తెలిశాయి. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో తరతరాలుగా నడుస్తున్న ఆరోగ్య సర్వే సమాచారాన్ని పరిశీలించిన ఒక బృందం 2015లో చెప్పినదేమిటంటే, 1942 తరువాత పుట్టినవారిలో ఈ జన్యువుకూ బరువుకూ సంబంధం గట్టిగా ఉంది; అంతకు ముందు పుట్టినవారిలో అది కనబడలేదు. జన్యువు అదే, ఊరు అదే. కాలం మారింది. తిండి మారింది, పని మారింది. అప్పటిదాకా ఊరుకున్న జన్యువు అప్పుడు నోరు విప్పింది. రెండోది 2011 నాటిది. రెండు లక్షల పద్ధెనిమిది వేల మంది సమాచారాన్ని కలిపి చూస్తే, ఒళ్ళు కదిలించి పనిచేసేవారిలో ఆ జన్యువు ప్రభావం 27 శాతం తక్కువగా ఉంది.

ఈ రెండింటినీ చదివినప్పుడు నాకు మా కొబ్బరితోటలే గుర్తుకొచ్చాయి. దింపు కార్మికుడు మోకు వేసుకుని పొద్దుటి నుంచీ చెట్టు తరువాత చెట్టు ఎక్కుతాడు. ఒలుపు కార్మికుడు గునపం ముందు నిలబడి కాయ తరువాత కాయ ఒలుస్తాడు. వాళ్ళ రక్తంలో ఏ జన్యువులున్నాయో నోరు విప్పే అవకాశం వాటికి రాదు. అతని కొడుకు కువైట్‌లో డ్రైవరు. పగలంతా సీటులో కూర్చుంటాడు, రాత్రి గదిలో నలుగురు కలిసి వండుకున్న అన్నం తింటాడు. నాలుగేళ్ళకు సెలవు మీద వచ్చినప్పుడు పొట్ట ముందు వస్తుంది, అతను వెనక వస్తాడు. "అక్కడ తిండి బాగుంటుంది కాబోలు" అని ఊరు నవ్వుతుంది. తండ్రీ కొడుకుల మధ్య జన్యువులు మారలేదు. చెట్టు పోయి సీటు వచ్చింది. ఇదంతా వంశం మీద రాసేస్తే వంశానికి అన్యాయం, కొడుకు లోభం మీద రాసేస్తే కొడుక్కి అన్యాయం.

మన సంగతిలో ఇంకొక మెలిక ఉంది. కోనసీమవాడికి ఇదే అన్నిటికంటే ముఖ్యమైనదని నేననుకుంటాను. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఛాయాచిత్రం వచ్చింది. ఇద్దరు వైద్యులు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణె కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తూ బరువూ కలిపి లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ ఒక్కటే, 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. తక్కెడ ఇద్దరినీ సమానులన్నది. లోపలి కథ వేరు. సన్నని కాళ్ళూ చేతులూ, వాటి మధ్య చిన్న బొజ్జ. ఈ ఆకారం మనకు కొత్త కాదు. పంచె కట్టి చొక్కా వదిలేస్తే కనబడదు, అంతే. మన పల్లెల్లో దీన్ని లావు అనరు. "ఆయనకేమండీ, మనిషి బక్కపల్చన" అంటారు. షుగరు వచ్చినప్పుడు "లావు కూడా లేడు, ఎలా వచ్చిందో" అని ఆశ్చర్యపోతారు.

యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. అక్కడి శిశువు సగటు బరువు మూడున్నర కిలోలు, ఇక్కడి శిశువు బరువు 2.7 కిలోలు. అంత చిక్కి పుట్టినా మన శిశువు కండను కోల్పోయినంతగా కొవ్వును కోల్పోలేదు. అంటే సన్నని మనిషిలో దాగిన కొవ్వు పొత్తిళ్ళలోనే మొదలవుతోంది. ఇది జన్యువా, తల్లి కడుపులో అందని తిండా? రెండూ కావచ్చు. కడుపులో ఉన్నప్పటి లేమి తరువాతి జీవితంలో మధుమేహంగా పరిణమిస్తుందని 1992లో హేల్స్, బార్కర్ ప్రతిపాదించారు. తల్లి తిండి కూడా ఒక వారసత్వమే అని దాని సారాంశం.

మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త గిరిరాజ్ చందక్ బృందం యాజ్ఞిక్‌తో కలిసి, 2009లో ఎఫ్‌టీఓ గురించి ఒక ఫలితం ప్రకటించింది. పాశ్చాత్యులలో ఆ జన్యువు ముందు బరువును పెంచి, దాని ద్వారా మధుమేహానికి దారితీస్తుందని అనుకున్నారు. మనవారిలో మాత్రం, బరువును లెక్కలోంచి తీసేసినా మధుమేహంతో దాని సంబంధం పూర్తిగా పోలేదు. అక్కడి వారి బరువును కొలబద్దగా పెట్టుకుని మన జబ్బును కొలవబోతే లెక్క తప్పుతుందని దీని అర్థం.

గోదావరి జిల్లాల పల్లెల్లో ఈ లెక్క ఎంత పెద్దదో ఇరవయ్యేళ్ళ క్రితమే తెలిసింది. ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం పేరిట జరిగిన సర్వే ఫలితాలు 2006లో వచ్చాయి. 30 ఏళ్ళు దాటిన పెద్దలలో సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. షుగరు పట్నవాసపు జబ్బు అన్న నమ్మకం అక్కడితో పోవలసింది. అదే కార్యక్రమం 45 గ్రామాలలో ఏడాదిపాటు మరణాలను లెక్కించగా, ఇంచుమించు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. 2023లో భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త సర్వే ఈ చిత్రాన్ని పూర్తిచేసింది. దేశంలో పది కోట్ల పది లక్షల మందికి మధుమేహం. బీఎంఐ ప్రకారం స్థూలకాయులు 28.6 శాతమైతే, నడుము కొలత ప్రకారం పొట్ట కొవ్వు ఉన్నవారు 39.5 శాతం. ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే మన "బక్కపల్చని" పెద్దమనుషులు చాలామంది నిలబడి ఉన్నారు.

ఎందుకిలా అన్న ప్రశ్నకు మనవైపు ఒక అందమైన జవాబు ప్రచారంలో ఉంది: కరువులను తట్టుకున్న రక్తం కనుక, దొరికిన ప్రతి మెతుకునూ దాచుకుంటుంది అని. 1962లో జేమ్స్ నీల్ ప్రతిపాదించిన "పొదుపు జన్యువు" వాదానికి ఇది దేశీయరూపం. వినడానికి బాగుంటుంది. 1832-33లో నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసి గోదావరి జిల్లాను కూడా తాకింది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక కాలువల వెంట వరి వచ్చింది. కరువు ఒంటికి కాలువ కూడు దొరికింది, బొజ్జ వచ్చింది. కథ ఎంత చక్కగా అమరిందో! అయితే ఒకటి రెండు కరువులకు జన్యువులు మారిపోవు. దానికి ఎన్నో తరాల వడపోత కావాలి. కరువు లేని దేశం ప్రపంచంలో ఎక్కడుంది? నీల్ వాదానికి నిలబడే జన్యు సాక్ష్యం ఇప్పటికీ బలంగా లేదు. అమరిన కథను నిజమని నమ్మడం సాహిత్యప్రియులమైన మనకు ఒక బలహీనత.

మేనరికాల సంగతి కూడా చెప్పాలి. మనవాళ్ళు తరతరాలుగా మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకున్నారు, కులం దాటలేదు. ఇలాంటి చోట ఒక పూర్వీకుడి అరుదైన లోపం తరాల తరువాత ఇద్దరి నుంచీ ఒకే బిడ్డకు చేరవచ్చు. 2017లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి ప్రకటించిన అధ్యయనం దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 సమూహాలు, కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన గుర్తును ఫిన్లాండు ప్రజల కంటే బలంగా మోస్తున్నాయని చెప్పింది. లెప్టిన్ లోపం వంటి జబ్బులను ముందుగా గుర్తించడానికి ఇది ఉపయోగపడే జ్ఞానం. కానీ ఒక హెచ్చరిక. "ఫలానా కులం వాళ్ళకు షుగరు ఎక్కువ, ఫలానా వాళ్ళు పుట్టుకతోనే లావు" అని రచ్చబండ మీద తీర్పులు చెప్పడానికి ఈ పరిశోధనను వాడుకునేవారు తప్పక బయల్దేరతారు. వందల పోగుల బరువును కులానికి కట్టడం శాస్త్రం కాదు, పాత రోగానికి కొత్త పేరు.

అలాగే ఉమ్మి పంపితే జన్యువులు చూసి మీకు తగిన ఆహారం చెబుతామనే వ్యాపారాలు వచ్చాయి. బరువు జన్యువుల జాబితాలు అధికభాగం ఐరోపా సంతతి వారిని చూసి తయారైనవి. ఆ జాబితాతో వేసిన అంచనా మనకు అంత బాగా అతకదు. జీనోమ్ ఇండియా పథకం పదివేల మంది భారతీయుల జన్యు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. దారి తెరుచుకుంది, గమ్యం ఇంకా దూరం. ఆ లోపల ఒక టైలరు దగ్గరి టేపు మనకు అంతకంటే నికార్సయిన సంగతి చెబుతుంది. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. నడుము కొలత అది దాటితే, తక్కెడ ఏం చెప్పినా సరే, రక్తపరీక్ష చేయించుకోవాలి. తల్లికో తండ్రికో షుగరుంటే మరీను.

"అంతా జన్యువుల్లోనే ఉంటే ఇక ప్రయత్నం దేనికి?" అని ఒకరు అడుగుతారు. "ఇలా వెనకేసుకొస్తే ఇక ఎవరూ నోరు కట్టుకోరు" అని ఇంకొకరు విసుక్కుంటారు. ఇద్దరికీ ఒకే జవాబు. జన్యువు ఆకలి స్థాయిని నిర్ణయించవచ్చు, కంచాన్ని నిర్ణయించదు. పైగా నింద వల్ల సన్నబడినవాళ్ళను నేను చూడలేదు. నింద వల్ల నలుగురిలో తినడం మానేసి చాటుగా తిన్నవాళ్ళను, ఆటలకు దూరమైనవాళ్ళను, డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడినవాళ్ళను చూశాను. 2025లో మన దేశంలోకి మౌంజారో, వెగోవీ అనే సూదిమందులు వచ్చాయి. పేగులోంచి మెదడుకు వెళ్ళే తృప్తి కబురును అవి అనుకరిస్తాయి. వాటి మంచిచెడ్డలు వైద్యులు చెప్పాలి. నాకు తోచింది ఇంతే: ఒక మందు వేస్తే ఆకలి తగ్గుతున్నదంటే, మందు లేనప్పటి ఆ ఆకలి దుర్గుణం ఎలా అయింది?

వంశంలో దిగివచ్చేది జన్యువొక్కటే కాదు. మూడుపూటలా కుంచెడన్నం మధ్య గరిటెడు కూర పెట్టే అలవాటు దిగివస్తుంది. అల్లుడు వద్దంటున్నా వడ్డించే అత్తగారి మర్యాద దిగివస్తుంది. అందరూ తిన్నాక మిగిలింది తినే గర్భిణి కంచం దిగివస్తుంది. జన్యువును మార్చే శక్తి మనకు లేదు గాని వీటిని మార్చుకోవడానికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు. కడుపుతో ఉన్న పిల్లకు ముందు వడ్డించండి, పప్పూ కూరా నిండుగా. దింపు మానేసి సీటెక్కినవాడు అన్నంలో కొంత తగ్గించి సాయంత్రం ఏటిగట్టు మీద నడవాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ తక్కెడ పక్కన ఒక టేపు వేలాడాలి. బడిలో ఏ పిల్లనూ బస్తా అని పిలవనివ్వని ఒక మాస్టారు ఉండాలి.

కుంతి సగం వాటా భీముడికి పెట్టింది. అయితే ఆ భీముడు అదే ఏకచక్రపురంలో బకుడితో పోరాడి ఊరిని కాపాడాడన్న సంగతి కూడా మరిచిపోకూడదు. మన ఇళ్ళలోని వృకోదరులకు వాటా సగం పెట్టమని నేననను. అంత పని ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. వారి ఆకలిని అపరాధంగా చూడకుండా, పొట్టను మాత్రం తేలికగా తీసుకోకుండా ఉండమంటున్నాను. దీనితో ఏకీభవించని మిత్రులు నిర్మొహమాటంగా చెప్పవచ్చు. ముందు ఒకసారి టేపుతో మీ నడుము కొలిచి చూసుకోండి.